నాలుగు మొద్దుల సాక్ష్యం

18 జనవరి 2010, సోమవారం

రేపు అడవిలో జంతువుల సర్వే. గూడూరులో తెలంగాణ రాష్ట్రం కోసం వేసిన దీక్షా టెంట్‌లో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ శ్యాం పక్కన కూర్చుని, పెంటన్నా, అడవి తెలిసినోళ్లు కావాలె, వాలంటీర్‌గ రారాదు, నీకు రాసుడు గూడ వస్తది గద అన్నాడు. రాయడం నాకు ఏ బడీ నేర్పలేదు. కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోస్తూ వాటి మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత బైబిల్ వాక్యం చదివి మిగతావి నేర్చుకున్నాను. వస్తానన్నాను. మొదటి మనిషికి దేవుడిచ్చిన మొదటి పని జంతువులకు పేర్లు పెట్టడం. నాకు మాత్రం ఎందుకు తగదు?

19 జనవరి, సాయంత్రం 6

ఐదు కిలోమీటర్లు నడిచాం. దుప్పి పెంటికలు, ఎలుగు గీరిన పుట్ట, వాగు ఇసుకలో చిరుత అడుగు. అడుగును టేపుతో నేనే కొలిచాను.

ఫారంలో జంతువులు ఎడమవైపు. కుడివైపు పైన డిస్టర్బెన్స్ అని ఉంది. దాని కింద పశువులు, నరికిన మొద్దులు, మనుషులు. దేవుడు తన పోలికతో చేసిన మనిషి వీళ్లకు డిస్టర్బెన్స్. పెన్ను విసిరేద్దామనుకున్నాను.

దారి చివర తండా తుల్సీబాయి కందిచేను. నేను ఆదివారాలు నడిపే ప్రార్థనకు ఆరేళ్లుగా వచ్చే మనిషి. నీళ్లిచ్చి, ఏం లెక్కవెడ్తున్నవే అన్నా అని అడిగింది. జంతువులను అన్నాను. మరి నన్ను ఏ గీతల రాస్తవ్ అన్నది. శ్యాం పగలబడి నవ్వాడు. పందులు సగం చేను మేసినయ్, గది గూడ రాసుకో సారూ అని అతనికి అంటించింది.

ఆమె రెండెకరాల అడవి భూమికి పట్టా దరఖాస్తు ఏడాది నుంచి తిరుగుతోంది. సాగు చేస్తున్నట్టు రుజువు కావాలట. సర్కారు కాగితం మీద పేరు పడితే అంతకంటే రుజువేముంది? కుడివైపు గడిలో అంకె వేయకుండా రాశాను: తుల్సీబాయి, కందిచేను, ఇరవై ఏళ్ల సాగు.

చేను పక్కన నరికిన మద్ది చెట్ల మొద్దులు నాలుగు. గడిలో 4 అని వేస్తే చాలు. కాని పోయిన ఆదివారం ఆమె కొడుకు భద్రు ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పాడు. కొత్త ఇంటి వాసాలకు నాలుగు చెట్లు కొట్టిన, దేవుడు మన్నించాలె అన్నాడు. చూసింది చూసినట్టు రాయండని ట్రైనింగ్‌లో చెప్పారు. సగం నిజం అబద్ధంతో సమానమని నేను ఇరవై ఏళ్లుగా బోధిస్తున్నాను. రాశాను: నాలుగు మొద్దులు, ఇంటి వాసాలకు, భద్రు. కింద సంతకం పెట్టాను. అందంగా వచ్చింది.

22 జనవరి

టెంట్‌లో అరగంట మాట్లాడాను. మా నేల మాకే అన్నాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శ్యాం.

28 జనవరి, గురువారం

భద్రుకు నోటీసు. చెట్లు నరికిన కేసు. వచ్చే బుధవారం రేంజ్ ఆఫీసులో హాజరు కావాలి. కేసు నిలిస్తే పట్టా దరఖాస్తు కూడా పోతుందని చెప్పి వెళ్లారట. రుజువు ఒక్కటే. నా ఫారం.

తుల్సీబాయి నా గడప దాటి లోపలికి రాలేదు. బయటే నిలబడి, మావోడు దేవుని ముంగట చెప్పిండు, నువ్వు ఫారెస్టోళ్ల ముంగట చెప్పినవ్, దేవుడైతే కేసు పెట్టలే అన్నది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

29 జనవరి

టెంట్‌కు పోయి శ్యాంను మైకు పక్కనే నలుగురిలో నిలదీశాను. ఎవని నేల కోసం కూర్చున్నవ్ ఇక్కడ అని అడిగాను. గది వేరు గిది వేరు అన్నా, మొద్దులు అందరి ఫారాలల్ల ఉన్నయ్, పేర్లు నీ దాంట్లనే ఉన్నయ్, మా సారు చూసి పట్టుకున్నడు, నన్నేం జేయమంటవ్ అన్నాడు. చాయ్ తాగు అన్నాడు. గ్లాసు తోసేశాను. మీరు తెచ్చే రాష్ట్రంలో తుల్సీబాయి ఏ గడిలో ఉంటదో చెప్పు అన్నాను. ఎవరో మైకు కట్టేశారు.

ఇంటికి వచ్చి వాక్యం తెరిచాను. పేదవాడి ద్రాక్షతోట మీద రాజు కన్నుపడిన కథ. అక్కడ తోట గుంజుకోవడానికి ఇద్దరు దొంగసాక్షులు కావలసివచ్చింది. ఇక్కడ ఒక్క నిజమైన సాక్షి సరిపోయాడు. ఆ సాక్షి మీద నాకున్నంత కోపం శ్యాం మీద లేదు.

31 జనవరి, ఆదివారం

ప్రార్థనకు ఏడుగురు వచ్చారు. సాక్ష్యాల వేళ ఎవరూ లేవలేదు. లేవండి అన్నాను. చెప్తే నువ్వు రాసుకుంటవ్ గద బాపూ అన్నది ముసలి తారి. అందరూ నవ్వారు. ఆ నవ్వు కింద నేను పాట కూడా ఎత్తుకోలేకపోయాను.

3 ఫిబ్రవరి, పగలు 11

రేంజ్ ఆఫీసు బెంచీ మీద కూర్చుని తెల్లకాగితం మీద రాశాను. భద్రు నాతో ఏనాడూ ఏమీ చెప్పలేదు. చెట్లు ఎవరు నరికారో నాకు తెలియదు. పేరు నేనే కల్పించి రాశాను. అక్షరం అక్షరం గుండ్రంగా రాశాను.

శ్యాం చదివి, పెంటన్నా, గిది అబద్ధమని నీకు ఎరుకే గద అని మెల్లగా అన్నాడు. ఎరుకే, తీస్కపోయి మీ సారుకియ్యి అన్నాను.

లోపల రేంజర్ అరిచాడు. సర్కారు ఫారం ఆటనా, నీ మీదే కేసు పెట్టాలె అన్నాడు. పెట్టండి అన్నాను. పెట్టలేదు. నా ఫారం మొత్తం కొట్టేశాడు. చిరుత అడుగు కూడా పోయింది. సాక్షి లేని కేసు నిలవదని గొణుగుతూ భద్రు నోటీసు వెనక్కి తీసుకున్నాడు. బయట తుల్సీబాయి నా ముఖంలోకి చూసింది. నేను చూడలేదు.

4 ఫిబ్రవరి

అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఇంత ఆకలి ఎప్పుడూ లేదు. దేవుడు ఏమీ అనలేదు. నేనూ మన్నింపు అడగలేదు.