రేంజ్ సరిపోదు

చెల్లికి,

కాలికి కట్టు వేశారని తెలిసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. వచ్చి పది రోజులు నీ వంటిల్లు చూసుకోవాలని ఉంది. మీ బావని అడిగాను. మన రేంజ్‌కి మీ ఇల్లు కుదరదన్నారు. రేంజ్ చూసుకోకుండా ఎక్కడికి పడితే అక్కడికి వెళ్లకూడదట. నేనూ లెక్క వేశాను, నిజమే అనిపించింది. బస్సులో వెళతానంటే, ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ నవ్వుతారన్నారు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: పాలు పొయ్యి మీద పెట్టి కూర్చోకు. నువ్వు కుంటుకుంటూ వెళ్లేలోపు పొంగిపోతాయి.

---

అక్కగారికి,

మీ రేంజ్ మాకు తెలియనిదా? మా ఆయన రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తారు. మీ ఆయన టై కట్టుకుని మీటింగులకు తిరుగుతారు. అది మరిచి రమ్మన్నానంటే, కాలితో పాటు బుర్ర కూడా విరిగినట్టుంది. బావ అన్నారంటే సరే. నువ్వూ లెక్క వేశావా? ఏం లెక్కపెట్టావు, మా కుర్చీలా?

ఉంటాను,
చెల్లెలు

తా.క.: పాలు పొంగిపోయాయి.

---

పిచ్చిదానా,

రేంజ్ అంటే హోదా కాదే. కరెంటు కారు ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుందో అది. మాది మూడు వందల కిలోమీటర్లు పోతుంది. మీ ఇంటికి పోయి రావాలంటే మూడు వందల అరవై. ఎక్కువ దూరం పోయే బండి కొందామని అప్పుడే మొత్తుకున్నాను. దూరం తగ్గితేనేం, అరగంటలో ఫుల్ చార్జింగ్, టీ తాగి వచ్చేలోపు బండి సిద్ధం అన్నారు. సరే, చెల్లెలి ఊళ్లో ఆ అరగంటేదో పెట్టుకుందామండీ అంటే, అక్కడ చార్జింగ్ చోటే లేదు, ఉన్నా అలా గబగబా ఎక్కిస్తే బ్యాటరీ పాడవుతుంది అంటున్నారు. అక్కడ నిజంగానే లేదా? కనుక్కుని రాయి, మళ్లీ అడుగుతాను.

నీ అక్క

తా.క.: మీ కుర్చీలు నేనెప్పుడు లెక్కపెట్టానే? నాలుగు.

---

అక్కా,

తప్పుగా అనుకున్నాను, మనసులో పెట్టుకోకు. చార్జింగ్ చోటు మా కొట్టు ఎదురుగానే ఉంది. మంచం మీద పడుకుంటే కిటికీలోంచి కనిపిస్తుంది.

నీ చెల్లెలు

తా.క.: రాయకూడదనుకున్నాను. బావ నెలనెలా అక్కడికే వస్తారు. అద్దాలెక్కించుకుని అరగంట కూర్చుని వెళ్లిపోతారు. అందుకే నీ మొదటి ఉత్తరానికి అంత మండింది. పోయిన నెల టైర్లో గాలి తగ్గితే మా ఆయనే కొట్టారు. "బాగున్నారా అన్నయ్యా" అని పలకరిస్తే, "ఎంత?" అన్నారట.

---

చెల్లీ,

నువ్వు తప్పుగా ఏమీ అనుకోలేదు. రేంజ్ అంటే నువ్వు అనుకున్నదే.

ఈ ఉత్తరం వెనకాలే బస్సులో వస్తున్నాను. పాలు నేను కాస్తాను.

అక్క

తా.క.: ఇంట్లో చార్జింగ్ పెట్టే వైరు నా సంచిలో ఉంది. ఉన్న చార్జింగ్‌తో ఆయన ఈ వారం మీటింగు దాకా వెళ్లగలరు, తిరిగి రాలేరు. లెక్క వేసే తెస్తున్నాను. దారిలో గబగబా ఎక్కించుకుందామంటే, పాపం, బ్యాటరీ పాడవుతుందాయె.