ఇస్త్రీపెట్టె కేసూ, మైకు ముందు మాటా

ఇస్త్రీ కొట్టు యజమానురాలు గారికి,

నమస్కారాలు. మూడో తీగ లేని ఆ ఇస్త్రీపెట్టె మీద మీరు ఆరేళ్లు కేసు నడిపారు. దాని ఫలితంగా కంపెనీ ఆ రకం పెట్టెలన్నీ బజారు నుంచి వెనక్కి తీసుకుంది. ఇప్పుడొచ్చే పెట్టెలకు షాక్ కొట్టకుండా మూడో తీగ ఉంటోంది. అందుకని మా వినియోగదారుల న్యాయవాదుల సంఘం మీకూ, మీ తరఫున వాదించిన ప్లీడరు గారికీ సన్మానం చేయ నిశ్చయించింది. వచ్చే నెల అయిదున మీరు తప్పక హాజరు కావాలి. వచ్చేటప్పుడు ఆ పెట్టెను కూడా తీసుకురాగలరు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మా టైపు మిషను మూలపడింది. చేత్తో రాస్తున్నందుకు మన్నించాలి.

---

కార్యదర్శి బాబుగారికి,

నమస్కారం. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, మీ ఉత్తరం వచ్చేదాకా.

మీ సమన్లు అందాయి. కేసు గెలిచింది నేను కదా, మళ్లీ నాకెందుకండీ సమన్లు? పెట్టె పట్టుకు రమ్మన్నారంటే కంపెనీవాళ్లు పై కోర్టుకెక్కారన్నమాట. నా చేతులు తడిగా ఉన్నాయనే పాత పాటే మళ్లీ పాడతారా? పొడి బట్ట మీద పొడి చేత్తో ఇస్త్రీ చేస్తుంటేనే నన్ను గోడకేసి కొట్టింది ఆ మాయదారి పెట్టె. కుడిచేతి రెండు వేళ్లు ఈనాటికీ ముడుచుకోవు. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. నా రాతకి ఆ సాకుంది. మీ రాతకేముంది?

మా ప్లీడరమ్మ వేరే కేసు పనిమీద ఊరెళ్లింది. ఆవిడ లేకుండా నేను నోరు విప్పను.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క.: మీ కోడిగీతలు మా ఇంట్లో ఎవరికీ కొరుకుడు పడక మందుల షాపాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఎంతమంది డాక్టర్ల రాతలు చదివాడో ఆయన! "సమన్లు, రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత" అన్నాడు. ఆ 'రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత' అన్నది మీ సంతకమని మా తోడికోడలు కనిపెట్టింది.

---

అమ్మా,

నమస్కారాలు. మిషను బాగుచేయించి, పక్కన నిలబడి మరీ ఈ ఉత్తరం టైపు చేయిస్తున్నాను. అది సమన్లు కాదు, సన్మానం. పై కోర్టు లేదు, కేసు లేదు. మీరు వేదిక మీద కూర్చుంటారు. మీ మీద నలుగురు మాట్లాడతారు. ఆఖరున మీరూ రెండు ముక్కలు చెబితే చాలు. పెట్టె తెమ్మన్నది జనానికి చూపించడానికే.

దయచేసి భయపడకండి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: హాలు దొరకనందున అయిదో తేదీ నుంచి పన్నెండో తేదీకి వాయిదా వేశాం.

---

కార్యదర్శి బాబుగారికి,

నమస్కారం. చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికానా?

కేసు లేదని పైన రాసి, వాయిదా వేశామని కింద రాశారు. నాకు తెలిసి వాయిదాలు వేసేది కోర్టొక్కటే. ఆరేళ్లలో నలభై ఒక్కసారి తిరిగినదాన్ని, వాయిదా వాసన ఆమడ దూరం నుంచే పసిగడతాను.

పైగా నా మీద నలుగురు మాట్లాడతారా? ఎవరా నలుగురు? నాకు షాక్ కొట్టిన రోజు కొట్లో నేనూ, ఉతికిన బట్టలూ తప్ప ఎవరున్నారని? నా తరఫున పంతొమ్మిది మందున్నారు, గుర్తుపెట్టుకోండి. మా ప్లీడరమ్మ కొట్టుకొట్టుకీ తిరిగి, అలాంటి షాకే తిన్న పంతొమ్మిది మందిని వెతికి పట్టుకుంది. వాళ్ల పెట్టెలన్నీ గోనెసంచుల్లో వేసుకుని కోర్టు మెట్లెక్కింది. బంట్రోతు సాయం పట్టబోతే, "వద్దులే నాయనా, ఇవి సాక్షులు, జారిపోతాయి" అంది.

ఆ పంతొమ్మిది మందినీ వెంటేసుకుని వస్తాను. మీ నలుగురూ ఏం మాట్లాడతారో మాట్లాడనివ్వండి.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క.: టైపు బాగుంది. మందుల షాపాయనే కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

---

అమ్మా,

తప్పు నాదే. ఆ నలుగురూ మీ మీద కాదు, మీ గురించి మాట్లాడతారు. మంచిగా. తిడతారని కాదు, పొగుడుతారని. సభ జరిగే రోజు మార్చామని రాయాల్సింది, వాయిదా అని రాశాను. పాతికేళ్ల కోర్టు అలవాటు.

ఆ పంతొమ్మిది మందినీ తప్పకుండా తీసుకురండి. ముందు రెండు వరసలూ వాళ్లకే. మీ ప్లీడరు గారు రాత్రి ఫోనులో దొరికారు. రేపు మీ కొట్టుకొచ్చి నచ్చజెబుతానన్నారు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మీకు ముఖాముఖి చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చేత్తో రాస్తే మీకు అర్థం కాదు, టైపు కొట్టించాలంటే నాకు నోరు రాదు.

---

కార్యదర్శి బాబుగారికి,

నమస్కారం. సభ నుంచి అంతా క్షేమంగా ఇల్లు చేరాం.

మిమ్మల్ని చూశాక మైకు ముందు నా నోట రెండు ముక్కలు కాదు కదా, ఒక్కటే మాట వచ్చింది. "మీరా!" అన్నాను. కంపెనీ తరఫు ప్లీడరు మీరే! కోర్టులో నన్ను రెండు గంటలు నిలబెట్టి, "చేతులు తడిగా ఉన్నాయా లేదా? అవునా కాదా?" అని నిలదీసిన మనిషి మీరే! అప్పుడు మా ప్లీడరమ్మ బల్లమీద పెట్టె పెట్టి, స్విచ్ వేసి, "ప్రమాదం లేదంటున్నారుగా, చేతులు తుడుచుకునే పట్టుకోండి సార్" అంది. మీ రెండు చేతులూ కోటు జేబుల్లోకి పోయాయి. జడ్జిగారు లేచేదాకా బయటికి రాలేదు. నేను కేసు గెలిచింది ఆ నిమిషంలోనే.

మీరు మైకు తీసుకుని, "ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడ చేతిలోంచి అదే రకం పెట్టె లాక్కున్నాను. మర్నాడు కంపెనీ కేసు కాగితాలు తిప్పి పంపేసి, ఈ సంఘంలో చేరాను. ఈవిడ పేరు సంఘానికి రాసిచ్చింది నేనే" అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేను వెంటనే కొట్టలేదు. ఆ రెండు గంటలూ గుర్తొచ్చాయి. ప్లీడరమ్మ మోచేత్తో పొడిచి, "ఓడిపోయానని ఒప్పుకోవడం మా వృత్తిలో గెలవడం కంటే కష్టమమ్మా" అంది. అప్పుడు కొట్టాను. ముడవని వేళ్లతో కొడితే చప్పుడు తక్కువ. వినబడిందో లేదో అని ఇలా రాస్తున్నాను.

ముందే చెప్పుంటే నేను వచ్చేదాన్నా అంటారా? రాను. చెప్పకపోవడమే మంచిదయింది.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క.: నలుగురిలో అనడం బాగుండదని ఊరుకున్నాను. సభలో మీ చొక్కా కాలరు ఒక పక్క కుక్క చెవిలా వేలాడింది. మీ ఆవిడ చేతిలోంచి పెట్టె లాక్కున్నాక, ఆ పని మీ నెత్తినే పడినట్టుంది. బట్టలు మా కొట్టుకి పంపండి. చేతులు జేబుల్లో పెట్టుకుని వచ్చినా ఫరవాలేదు.