మోకాలి ఎత్తుకు కోసిన తీగ

అమ్మగారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. మీరు ఖాళీ చేసి వెళ్లిన ఇంట్లో ఇప్పుడు మేం అద్దెకుంటున్నాం, నేనూ మా ఆయనా. మీ చిరునామా ఇంటి ఓనరు గారిచ్చారు. అడుగుదామని ఆయన గుమ్మం దాకా వెళ్లి, మొహమాటపడి వెనక్కి వచ్చేసేదాన్ని. చివరికి ఆయనే చూసి, "ఏంటమ్మా, కుళాయి పాడైందా?" అన్నారు. నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

వంటగది కిటికీ పక్క గోడ మీద ఒక తీగ ఉంది కదా, దాని గురించే రాస్తున్నాను. మేం వచ్చేసరికి ఎండుపుల్లల గూడులా ఉంది. మా ఆయన ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేస్తారు. ఆ సామానంతా మంచం కింద, బీరువా మీద, నా గిన్నెల మధ్య. నిన్న పప్పు డబ్బాలో బోల్టు దొరికింది. ఆ గోడకి ఆనించి రేకుల షెడ్డు వేసుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందని ఆయన అంటారు. మాట నిజమే. తీగ పీకేస్తానన్నారు. పక్కింటావిడ మాత్రం, "అయ్యో, అది పూస్తే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు" అంది. అప్పట్నుంచి నాకు దాన్ని చూడాలని పట్టుకుంది.

పెళ్లయ్యాక మా ఆయన్ని నేను ఏదీ అడగలేదు. ఆయన ఇవ్వరని కాదు, నాకే నోరు రాదు. మొదటిసారి ఇది అడిగాను, ఈ తీగ ఉంచమని. "ఈ పుల్లలా?" అని నవ్వారు. కాసేపయ్యాక, "సరే, రేకులు వచ్చేలోపు పూస్తే ఉంచుదాం. లేకపోతే పీకేద్దాం" అన్నారు. దుకాణంలో సరుకు లేదు, రాగానే పంపుతారట.

అన్నేళ్లు పూయించిన చెయ్యి మీది. ఏం చెయ్యాలో కాస్త చెప్తారా?

ఇట్లు,
మీ పాత ఇంట్లో ఉంటున్న అమ్మాయి


ప్రియమైన అమ్మాయికి,

జవాబు ఆలస్యమైంది. కొన్ని సంగతులు సరిచూసుకుని రాద్దామని ఆగాను. ముందుగా, నన్ను అమ్మగారూ అనొద్దు. ఇక్కడ బట్టలు కుట్టించుకునేవాళ్లు టైలరమ్మ అంటారు, నువ్వు పిన్నీ అను.

ఆ తీగ పేరు క్లెమాటిస్. అందులో రకాలున్నాయి. చలి వదలగానే పూసేవి కొన్ని, అవి పాత కొమ్మల మీదే పూస్తాయిట. వాటిని ఇప్పుడు కోశామంటే ఆ ఏడు పూలుండవు. ఎండలు ముదిరాక పూసేవి కొత్త కొమ్మల మీద పూస్తాయి. మన గోడ మీదిది ఎండల్లో పూసేదే. నాకు బాగా గుర్తు, ఉక్కకి కిటికీ తీస్తే ఊదారంగు రెక్కలు పొయ్యి గట్టు మీదకి ఎగిరొచ్చేవి. కాబట్టి భయపడకుండా మొత్తం కోసెయ్యి. నేల నుంచి మోకాలి ఎత్తు ఉంచితే చాలు. ఒక్కో పుల్లకీ ఎదురెదురుగా రెండు మొగ్గలు ఉబ్బి ఉంటాయి, ఆ జతకి కాస్త పైన కొయ్యాలి. పదునైన కత్తెర తీసుకో. మొద్దు కత్తెర గుడ్డనైనా నములుతుంది, కొమ్మనైనా నములుతుంది.

ఇంకొకటి, దాని తల ఎండలో, కాళ్లు నీడలో ఉండాలిట. వేరు మొదట్లో ఒక పెంకు పరిచి, ఎండుటాకులు వేసి, నీళ్లు లోపలికి దిగేలా పొయ్యి.

మొదట్లో కాడ ఎంత లావుందో, బెరడు ఊడుతోందో లేదో రాయి. నాకు తెలియాలి.

ఆశీస్సులతో,
టైలరమ్మ పిన్ని


పిన్ని గారికి,

కోసేశాను. కాడ నా బొటనవేలంత ఉంది, బెరడు పీచులా ఊడుతోంది. మీరు చెప్పిన మొగ్గల జత కోసం గోడకి ముక్కు ఆనించి వెతికాను. బియ్యపు గింజంత ఉన్నాయి, కొద్దిగా పచ్చగా. అవి కనబడ్డాక ధైర్యం వచ్చింది.

కోసినవన్నీ తీశాక గోడ బోసిపోయింది. పక్కింటావిడ ప్రహరీ మీదుగా చూసి, "ఏంటమ్మాయ్, బతికుందన్నావు, చంపేశావా?" అంది. సాయంత్రం మా ఆయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "సగం పని నువ్వే చేసిపెట్టావే! ఇక వేరొక్కటే మిగిలింది" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు ఏడుపొచ్చి గిన్నెలు తోముతూ కూర్చున్నాను.

మీరు మొదటిసారి కోసినప్పుడు మీకూ ఇలాగే భయం వేసిందా పిన్నిగారూ?

మీ అమ్మాయి


ప్రియమైన అమ్మాయికి,

గోడ బోసిగానే ఉంటుంది కొన్నాళ్లు. దానికేసి రోజూ చూడకు. పక్కింటావిడ కేసి అసలు చూడకు. మనిషి మంచిదే గానీ, నేనున్నప్పుడూ అంతే, నా కూరలో ఉప్పు సంగతి కూడా ప్రహరీ అవతల నుంచే చెప్పేది.

చిగుర్లు వచ్చాక అవి పట్టుకుని పాకడానికి సన్నటి ఆధారం కావాలి. లావుపాటి కర్రని ఇది పట్టుకోలేదు. ఆకు కాడే మెలికపడి చుట్టుకుంటుంది, అంచేత పురికొస అంత సన్నంగా ఉండాలి. ముడులు వదులుగా వెయ్యి, కొత్త కొమ్మలు చిటుక్కున విరుగుతాయి. నత్తలు వస్తాయి, చీకటి పడుతుండగా ఏరెయ్యాలి.

భయం సంగతి ఇంకోసారి రాస్తాను. పెళ్లి బట్టల పని మీద ఉన్నాను.

ఆశీస్సులతో,
పిన్ని


ప్రియమైన పిన్నికి,

చిగుర్లొచ్చాయి! ఒక్కో జత నుంచి రెండేసి కొమ్మలు. పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ తేడా తెలుస్తోంది. మీరు చెప్పినట్టే పురికొస కడుతుంటే మీ అల్లుడు చూసి, "ఎండకి అది ఎన్నాళ్లుంటుంది?" అన్నారు. మిమ్మల్ని పిన్నీ అన్నాక ఆయన మీకు అల్లుడే కదా. కాలిపోయిన మోటారులోంచి రాగి వైరు విప్పి, గోడకి మేకులు కొట్టి, నిలువునా అడ్డంగా కట్టేశారు. "నీ చుట్టం దీని మీద నడుస్తుందా?" అని అడిగారు. మర్నాటికే ఒక ఆకు కాడ వైరుని చుట్టేసుకుంది. ఆయన పనికి వెళ్లబోతూ ఆగి, దాన్ని గోటితో తట్టి చూశారు. పీకేస్తానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. రేకుల దుకాణం వాడికి మళ్లీ ఫోన్ చేశారు.

ఇప్పుడు కష్టమొచ్చింది పిన్నీ. అన్నిటికంటే ఎత్తు పెరిగిన కొమ్మ రాత్రికి రాత్రి వాడిపోయింది. ఆకులు నల్లగా వేలాడుతున్నాయి. నీళ్లు పోస్తూనే ఉన్నాను, నత్తలు లేవు. మిగతావి కూడా పోతాయా? తొందరగా రాయండి.

మీ అమ్మాయి


అమ్మాయీ,

వెంటనే రాస్తున్నాను. నువ్వు చేసిన తప్పేం లేదు. ఈ తీగకి వచ్చే జబ్బే అది. వాడిన కొమ్మని పచ్చగా ఉన్నచోటు దాకా కోసెయ్యి. పచ్చ లేకపోతే నేల దాకా కోసెయ్యి. కోసినదాన్ని అక్కడ వదలకుండా దూరంగా పారెయ్యి, కత్తెర కడుగు. మొక్కని లోతుగా నాటి ఉంటే మట్టి లోపల కూడా మొగ్గలుంటాయి, కిందనుంచి మళ్లీ లేస్తుంది. ఇక్కడి నర్సరీ ఆయన కూడా ఇదే మాట అన్నాడు. మిగతా కొమ్మలు నిలబడ్డాయంటే నిలబడ్డట్టే.

ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నాకిక్కడ కుట్టు మీద ధ్యాస ఉండటం లేదు.

పిన్ని


ప్రియమైన పిన్నికి,

రేకులు వచ్చేశాయి. అప్పటికి పూలు రాలేదు.

ఆ రోజే రాద్దామని కూర్చుని, ఆ రెండు ముక్కలూ రాసి లేచిపోయాను. ఇప్పుడు మొత్తం చెప్తాను.

కోశాక మిగతా కొమ్మలు నిలబడ్డాయి. గోడ సగానికి పాకి, నిండా మొగ్గలు తొడిగాయి. ఒక్కటీ విచ్చుకోలేదు. అంతలో పొద్దున్నే బండి వచ్చి ఆగింది. కూలీలు రేకులు దించుతున్నారు. మీ అల్లుడు గునపం పట్టుకుని వచ్చారు, నా మొహం మాత్రం చూడలేదు. ఆయనకీ మనసు రావడం లేదని ఆ నడకలోనే తెలిసింది. మామూలుగా అయితే నేను లోపలికి వెళ్లి తలుపు చాటున నిలబడేదాన్ని. ఆవేళ వెళ్లి గోడకీ ఆయనకీ మధ్య నిలబడ్డాను.

"పీకొద్దు" అన్నాను.

కూలీల్లో పెద్దాయన రేకు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"పూయలేదుగా? అనుకున్న మాటేగా?" అన్నారు మీ అల్లుడు.

"పూయకపోయినా పీకొద్దు. పూస్తుందని అడగట్లేదు. నాకు కావాలని అడుగుతున్నా."

ఆ మాట అన్నది నేనేనా అనిపించింది. అంతలో పెద్దాయన, "బాబూ, ఇంతకీ దించమంటారా, ఎక్కించమంటారా? చేతులు పడిపోతున్నాయి" అన్నాడు. మీ అల్లుడికి నవ్వొచ్చేసింది. గునపం పక్కన పడేసి, "నీకు కావాలని ముందే చెప్తే ఈ పందెం ఎందుకు పెడతాను? నువ్వేదైనా కావాలంటావని ఎన్నాళ్ల నుంచి చూస్తున్నాను!" అన్నారు.

షెడ్డు నీళ్ల తొట్టి పక్కకి జరిగింది. అక్కడ ఎత్తు తక్కువ. లేచి నిలబడినప్పుడల్లా తల రేకుకి కొట్టుకుని, "నీ చుట్టం క్షేమమేనా?" అని అక్కడినుంచే అరుస్తారు. పాపం అనిపిస్తుంది, నవ్వూ వస్తుంది.

పూలు ఆ తరవాత విచ్చుకున్నాయి పిన్నీ. ఊదారంగు అని మీరు రాశారు గానీ, పొద్దున ఒక రంగు, ఎండెక్కాక ఒక రంగు. కిటికీ తీసి వంట చేస్తున్నాను. పక్కింటావిడ "నేను చెప్పలా?" అంటోంది.

మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. తీగ కోసం ఒక్కటే కాదు. నేను ఏది అడిగినా మీరు విసుక్కోలేదు. అడిగితే జవాబు వస్తుందని నాకు మీ ఉత్తరాలతోనే అలవాటైంది. ఆవేళ నా నోరు పెగిలింది అందుకే.

మీ అమ్మాయి


ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం దుకాణంలో పైకే చదివాను. ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చినాయన, "తీగ ఉందా పోయిందా, ముందది చెప్పండి" అని ఒకటే తొందర. ఉందన్నాక గానీ కొలత ఇవ్వలేదు.

ఇక నీకో సంగతి చెప్పాలి. ఆ తీగ మీద నేనెప్పుడూ చెయ్యి వెయ్యలేదు.

పెంచింది మీ బాబాయి. చలి తగ్గుతుండగా ఒక పొద్దున ఆ గోడ దగ్గర చేరేవారు. నేను వంటగదిలోంచి, "ఎండుపుల్లలతో ఏం కబుర్లు, టీ చల్లారిపోతోంది" అని కేకలేసేదాన్ని. ఆయన, "ఒకసారి ఇటొచ్చి చూడవోయ్" అనేవారు. చూసేదేముంది అనేదాన్ని. ఆయన పోయాక నేను ఆ కిటికీయే తెరవలేదు. నువ్వు చూసిన పుల్లల గూడు అలా తయారైందే.

పూయించిన చెయ్యి మీదేనని నువ్వు రాస్తే, కాదు, నాకేం తెలియదని రాద్దామనే కాగితం తీశాను. అలా రాస్తే నువ్వు మళ్లీ ఎందుకు రాస్తావు? ఇల్లు మారాక నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి ఉత్తరం నీది. అందుకని కాగితం మడిచిపెట్టి, మా వీధి చివర నర్సరీకి వెళ్లాను.

"ఎప్పుడు పూస్తుందమ్మా?" అన్నాడు అక్కడి ఆయన. ఎండల్లో అన్నాను. "కాడ ఎంత లావు? బెరడు ఎలా ఉంది?" ఏం చెప్పను, నిన్ను అడిగాను. "తీగ ఎక్కడుందసలు?" వేరే ఊళ్లో అన్నాను. "వేరే ఊళ్లో ఎవరిది?" అన్నాడు. కాస్త ఆలోచించి, మా అమ్మాయిది అన్నాను.

నీ ప్రతి ప్రశ్నా పట్టుకెళ్లి ఆయన్ని అడిగాను. ఇప్పుడు నన్ను చూడగానే, "ఏంటమ్మా, ఇవాళ మీ అమ్మాయికి ఏమైంది?" అంటున్నాడు. ఆ కొమ్మ నల్లబడిన రోజు, కొట్టు కట్టేస్తున్నవాణ్ణి ఆపి అడిగాను.

అలా అడుగుతుంటే నాకు మీ బాబాయి చేసిన పనులు ఒక్కోటీ అర్థమవుతూ వచ్చాయి. అంత కిందకి వంగి ఏం వెతికేవారో, చీకట్లో టార్చి వేసుకుని నేలకేసి ఎందుకు చూసేవారో. వేరు మీద ఆయన పెట్టిన పెంకుని అడ్డంగా ఉందని నేను తీసి పారేసేదాన్ని, ఆయన ఏమీ అనకుండా ఇంకోటి తెచ్చి పెట్టేవారు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా తెలియనిది, నువ్వు అడగబట్టి తెలిసింది. నువ్వు నాకు కృతజ్ఞత చెప్తున్నావు గానీ, అమ్మాయీ, నేను నీకు చెప్పాలి.

భయం వేసిందా అని అడిగావు. తీగని కోసెయ్యమని నీకు రాసి, ఉత్తరం పెట్టెలో వేసేశాక వేసింది.

అల్లుడు గారిని తల చూసుకోమను. మళ్లీ చలి తగ్గుతుండగా కోసే రోజు ఎప్పుడో రాయి, బస్సెక్కి వస్తాను. మొగ్గల జత మొగ్గల జత అని నీకు అన్నిసార్లు రాశానే గానీ, అది ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదు. గోడ దగ్గరికి పిలిచి చూపించు.

ఎదురుచూస్తూ,
మీ పిన్ని