టోపీ కింద ఉల్లిపాయలు

రిసార్టులోని జపాను భోజనశాల మేనేజరు గారికి,

నమస్కారం. ఇది అలవాటు కొద్దీ పెట్టిన నమస్కారం. ఇక్కడి నుంచి ఉత్తరంలో మర్యాద వెతకొద్దు.

నేను నర్సుల హాస్టల్లో ముప్పై రెండేళ్లు వంట చేసి మొన్ననే రిటైరయ్యాను. పూటకు నాలుగొందల మందికి వండి వడ్డించిన చెయ్యి ఇది. ఆ పిల్లలు నాకు పెట్టిన పేరు గరిటమ్మ. "ఇన్నాళ్లూ అందరికీ వండావు, ఒక్కపూట కాలు మీద కాలేసుకుని తినమ్మా" అని మా అమ్మాయీ అల్లుడూ పోయిన ఆదివారం మధ్యాహ్నం నన్ను మీ దగ్గరికి తీసుకొచ్చారు.

తీసుకొచ్చి ఎక్కడ కూర్చోబెట్టారు? వంటింట్లో! మంచమంత ఇనప పెనం, దాని చుట్టూ కుర్చీలు, అవతల కత్తులతో వంటవాడు. ముప్పై రెండేళ్లు పొయ్యి ముందు నిలబడ్డదాన్ని మళ్లీ పొయ్యి ముందే కూర్చోబెట్టడానికి మా అల్లుడు నెల ముందు సీట్లు బుక్ చేశాడట. పిల్లల ముచ్చట కదా అని ఊరుకున్నాను.

మీ వంటవాడు గరిటెలు గాల్లో తిప్పుతాడు. ఉప్పుడబ్బా వీపు వెనక నుంచి ఎగరేసి మోచేత్తో ఆపుతాడు. కోడిగుడ్డును అట్లకాడ అంచు మీద నడిపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటారు. అన్నీ ఓర్చుకున్నాను. అప్పుడు ఒక రొయ్యను గరిటె కొసన పెట్టి నా మీదికి విసిరాడు! అది నా కళ్లద్దాలకు కొట్టుకుని, ముక్కు మీదుగా జారి, ఒళ్లో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అల్లుడు కూడా కొట్టాడు. అతని సంగతి ఇంటికొచ్చాక చూసుకున్నాను.

అయ్యా, కుక్కకైనా గిన్నెలో పెడతాం. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి నేను తిండి విసరలేదు.

అంతటితో ఆగాడా? ఉల్లిపాయ చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో నూనె పోసి అంటించాడు. మంట భగ్గుమని నా తలెత్తు లేచింది. నూనె మంట మీద నీళ్లు పొయ్యకూడదు, మూత పెట్టాలి. గరిటె పట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. మూత కనబడలేదు. వాడి నెత్తి మీద పొడవాటి తెల్లటోపీ కనబడింది. పీకి బోర్లించాను. మంట ఆరింది. మెచ్చుకోవాల్సింది పోయి మీ సూపర్‌వైజరు "అది షో అండీ" అని నా మీదే విసుక్కున్నాడు. ప్లేటు ముందు నుంచి ఆకలితో లేచి వచ్చేశాను.

నాకు కావలసింది క్షమాపణ. కాగితం మీద, సంతకంతో.

ఇట్లు,
మండిపోతున్న గరిటమ్మ

తా.క.: పెనం పక్కన బొగ్గుల కుంపటి మీద కాల్చిన చేపకు మాత్రం వంక పెట్టలేను. అంత పనితనం ఉన్నవాడికి ఆ కోతిచేష్టలెందుకని నా మంట రెండింతలయింది.

*

గౌరవనీయులైన అతిథి గారికి,

మీ అభిప్రాయం మాకు అమూల్యం. కోతిచేష్టలు అన్న మాట మరీ అమూల్యం. జరిగినదానికి చింతిస్తున్నాము.

మీ ఉత్తరం అందిన గంటలోనే సదరు వంటవాణ్ణి పెనం దగ్గర నుంచీ, కుంపటి దగ్గర నుంచీ తప్పించాము. మా నియమం ప్రకారం, ఫిర్యాదు చేసిన అతిథి మళ్లీ వచ్చి, అదే వంటవాడి చేతి వంట తిని, "తృప్తి చెందాను" అనే కాగితం మీద సంతకం చేసేదాకా, ఆ ఒక్క వంటకు తప్ప, అతను పొయ్యి ముట్టకూడదు. నెలాఖరులోగా ఆ సంతకం రాకపోతే ఒకటో తారీకున ఆ చోటికి వేరే వంటవాడు వస్తాడు. కాబట్టి తమరు కుటుంబ సమేతంగా, మా ఖర్చు మీద, వెంటనే దయచేయవలసిందిగా ప్రార్థన. కాగితం జతపరిచాము.

భవదీయుడు,
మేనేజరు తరఫున, ఉత్తరాల బల్ల నుంచి

తా.క.: మీరు బోర్లించిన టోపీ కింద ఉల్లిపాయలు చాలా చక్కగా మగ్గాయి. ఇది కేవలం సమాచారం కోసం.

*

మేనేజరు తరఫున రాసే ఆయనకు,

ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది మీ వ్యవహారం. నేనడిగింది క్షమాపణ. మీరు చేసింది ఒకడి పొట్ట కొట్టడం. పైగా ఆ పాపం నా నెత్తిన పెట్టి, వచ్చి కడుక్కోమంటారా? చింతిస్తున్నాము అంటే క్షమాపణ అయిపోయిందా? మా హాస్టల్లో పాలు విరిగితే నేనూ చింతించేదాన్ని, పాలు తెల్లగా అయ్యేవి కాదు.

నేను రాను. వస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. వాణ్ణి నా ముందు తల వంచుకుని నిలబెడతారు, ఆ ఫోన్ల వాళ్లు దాన్ని కూడా వీడియో తీస్తారు. వాడు బెదురుతూ వండింది నేను తినాలి. బెదిరినవాడు ఉప్పు రెండుసార్లు వేస్తాడు.

ఇక మీ కాగితం. తృప్తి చెందాను అని అబద్ధం రాసి సంతకం పెట్టమంటారా? సరుకు తూకం తక్కువొస్తే వార్డెను ముందే బస్తా తిప్పి పంపినదాన్ని, నా సంతకం అంత చవక కాదు. ముందు ఆ వంటవాణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టండి. తర్వాత వాణ్ణి ఒక్క మాట అడగండి: మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషి మొహం వాడికి కనబడలేదా?

ఇట్లు,
గరిటమ్మ

తా.క.: ఎంతసేపు మగ్గనిచ్చారు?

*

గౌరవనీయులైన గరిటమ్మ గారికి,

మీ రెండో ఉత్తరం మేనేజరు గారు స్వయంగా చదివి, "మూడడుగుల దూరం" అన్న వాక్యం కింద ఎర్రగీత గీశారు. మీ ఫిర్యాదు అసలు దేని గురించో ఆయనకు అప్పుడే బోధపడింది. వెంటనే వంటవాణ్ణి కళ్ల డాక్టరు దగ్గరికి పంపించాము. చూపు భేషుగ్గా ఉందని చీటీ వచ్చింది. అంటే లోపం గురిలో ఉందని తేలింది.

అందుకని రోజూ ఉదయం అతనిచేత సాధన చేయిస్తున్నాము. దుస్తుల కొట్టు నుంచి ఒక బొమ్మ తలను తెప్పించి, నోటి దగ్గర కన్నం చేసి, మూడడుగుల దూరంలో పెట్టి, రోజుకు రెండు వందల రొయ్యలు విసిరిస్తున్నాము. నిన్న నూట డెబ్బై ఆరు నోట్లో పడ్డాయి. ఈసారి తమరికి ఎటువంటి అసౌకర్యమూ కలగదని మేనేజరు గారు హామీ ఇస్తున్నారు. నెలాఖరుకు ఇంక పదకొండు రోజులే ఉన్నాయి. దయచేసి రండి.

భవదీయుడు,
మేనేజరు తరఫున, ఉత్తరాల బల్ల నుంచి

తా.క.: బొమ్మకు మీ వర్ణన ప్రకారం కళ్లద్దాలు పెట్టాము. వంటవాడికి అది తననే కోపంగా చూస్తున్నట్టుంటుందట.

రెండో తా.క.: ఏడు నిమిషాలు.

*

అయ్యా,

రోజుకు రెండు వందల రొయ్యలు! బొమ్మకు! మీకు కళ్లు పోతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది వాడు కాదు, మీ మేనేజరు. రొయ్యలున్న రోజు మా హాస్టల్లో పిల్లలు రెండో ముక్క అడగడానికి మొహమాటపడుతుంటే, వెంటపడి వేసేదాన్ని. అటువంటి నా పేరు చెప్పి రెండు వందల రొయ్యలు నేల పాలు చేస్తారా?

గురి తప్పిందని నేనెప్పుడన్నాను? సరిగ్గా నోట్లో పడి ఉంటే సంతోషించేదాన్ననుకున్నారా? అప్పుడు ఆ గరిటే లాక్కుని వీపు మీద వేసేదాన్ని. నా బాధ గురి కాదు, మొహం. వండి పెట్టినవాడు తినేవాళ్ల మొహం చూడాలి. మొదటి ముద్ద లోపలికి వెళ్లగానే మొహంలో ఒక మాట కనబడుతుంది. ఆ మాట కోసమే మేం పొద్దున్నే లేచి పొయ్యి అంటిస్తాం. మీ వంటవాడు ఫోన్ల వంకే చూశాడు. నా వంక ఒక్కసారి చూడలేదు. చూసి ఉంటే విసిరేవాడు కాదు.

ఇంత జరుగుతున్నా ఆ మనిషి నుంచి ఒక్క ముక్క లేదు. మేనేజరు చెప్పింది మీరు రాస్తారు, మీరు రాసింది నేను చదువుతాను. నడుమ వాడి నోట్లో నాలుక లేదా? మగాడై ఉండి మీ చాటున దాక్కుంటాడా? వాణ్ణి రాయమనండి. అంతదాకా నా గడప దాటి నేను కదలను.

ఇట్లు,
ఓపిక నశించిన గరిటమ్మ

తా.క.: ఏడు నిమిషాలు ఎక్కువ. ఐదు చాలు.

*

గరిటమ్మ గారికి,

నాలుక ఉంది. ఆ వంటవాణ్ణి నేనే.

మొదటి నుంచీ మీకు జవాబులు రాస్తున్నదీ నేనే. ఇక్కడి పద్ధతి అది. ఫిర్యాదు వచ్చినవాణ్ణి పొయ్యి ముందు నుంచి లేపి ఉత్తరాల బల్ల ముందు కూర్చోబెడతారు. వాడికి వచ్చిన తిట్లకు వాడిచేతే జవాబు రాయిస్తారు, బుద్ధొస్తుందని. మేనేజరు గారు చెప్పింది చెప్పినట్టు రాశాను. తా.క.లు మాత్రం నా సొంతం. ఇన్నాళ్లూ మర్యాదగా రాసీ రాసీ నా చెయ్యి పడిపోయింది. ఇవాళ నా కోపం నేను రాసుకుంటాను.

మీకు కోతిచేష్టలు కనబడ్డాయి. అవి నాకిష్టమనుకున్నారా? ఆరేళ్లు చేప కోయడం, బొగ్గు సెగ తెలుసుకోవడం నేర్చుకున్నాను. విసరడం ఒక్క నెలలో నేర్పారు. జనం వచ్చేది ఆ నెల పనిని చూడ్డానికి. ఆరేళ్ల పనిని ఎవరూ వీడియో తియ్యరు.

మొహం చూడలేదన్నారే, ఆ మాట మాత్రం పడను. చూశాను. మీరు చేపను ముందు వాసన చూశారు. తర్వాత తోలు విడిగా తీసి తిన్నారు. ముక్క అయిపోయాక మీ అల్లుడు అటు తిరిగినప్పుడు ఆయన ప్లేటులోది కూడా తిన్నారు. ముళ్లు తప్ప ఏమీ మిగల్చలేదు. పైగా ఆకలితో లేచానని మేనేజరుకు రాశారు. ఇది న్యాయమేనా అండీ?

ఇంకో మాట. అతిథి నోరు తెరిస్తేనే విసరాలన్నది మా నియమం. మూసిన నోటికి నేను ఏనాడూ విసరలేదు. ఆ రోజు మీరు నా వంక చూసి నోరు తెరిచారు. నిండా తెరిచారు! రొయ్య కావాలనే కదా అనుకున్నాను? వద్దనుకుంటే నోరెందుకు తెరిచారు?

నెలాఖరుకు ఆరు రోజులున్నాయి. మీరు రాకపోతే నేను ఈ బల్ల ముందే ముసలివాణ్ణవుతాను. ఇంట్లో నా భార్యకు ఇంకా చెప్పలేదు. పొద్దున్నే కత్తులపెట్టె పట్టుకుని బయల్దేరుతున్నాను, ఇక్కడికొచ్చి కలం పట్టుకుంటున్నాను.

ఇట్లు,
వంటవాడు

తా.క.: ఈ ఉత్తరం మేనేజరు గారు చదవలేదు. నిజానికి ఎర్రగీత గీసిన వాక్యం తప్ప ఏ ఉత్తరమూ పూర్తిగా చదవలేదు.

*

బాబూ,

ముందు తిట్టనీ. తినేవాళ్ల ముక్కలు లెక్కపెట్టే వంటవాణ్ణి నిన్నే చూశాను. తిన్నాను, అవును. మా అల్లుడిది కూడా తిన్నాను. రొయ్యకు చప్పట్లు కొట్టినవాడికి ఆ చేప దండగ. భార్య దగ్గర దాస్తున్నావా? ఇవాళే చెప్పు. దాచిపెడితే పాచిపోయేవాటిలో అది మొదటిది.

నోరెందుకు తెరిచారని అడిగావు. ఈ మాట మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

ముప్పై రెండేళ్లు నేను వేడిగా తిన్నది లేదు. నాలుగొందల మంది లేచాక, అడుగున మిగిలింది, చల్లారిపోయింది, గిన్నెలు కడిగే తొట్టి పక్కన నిలబడి తినేదాన్ని. ఇంట్లోనూ నేనే వండాలి, నేనే ఆఖర్న తినాలి. ఆ ఆదివారం నువ్వు కుంపటి మీంచి తీసిన చేపను పొగలు కక్కుతుండగా నా ముందు పెట్టావు. ఒకరు నిలబడి నాకోసం వండితే నేను కూర్చుని తినడం నా బతుకులో అదే మొదలు. మొదటి ముక్క లోపలికి వెళ్లగానే, "బాబూ, నీ చెయ్యి చల్లగుండ, ఎంత బాగా వండావు" అందామని నీ వంక చూసి నోరు తెరిచాను.

నువ్వు రొయ్య విసిరావు.

నా కోపం దానికి. ఇంతకాలం నువ్వు మొహం చూడలేదనుకున్నాను. చూసి కూడా ఆ మాట చదవలేకపోయావన్నమాట. అది ఇంకా పెద్ద నేరం.

శనివారం మధ్యాహ్నం వస్తున్నాను. మీ కాగితం సంచిలో పెట్టుకున్నాను. చేప కాల్చు. తిని, నిజమైతేనే సంతకం పెడతాను, కానీ కలం ఇప్పుడే తీసి పెట్టుకో. ఆ బొమ్మ తలను ఎక్కడైనా దాచెయ్యి, నా కంటపడిందో ఈసారి ఆ టోపీ మేనేజరు మీదే బోర్లిస్తాను.

ఇట్లు,
గరిటమ్మ

తా.క.: ఈసారి నేను నోరు తెరిస్తే, మాట పూర్తయ్యేదాకా ఆగు.