ఆరో పిల్ల

అక్కకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నా దగ్గు తగ్గింది, దిగులు పడకు.

పోయిన సోమవారం తొమ్మిదో తరగతికి జనాభా పాఠం చెప్పాను. పట్నాలు కిక్కిరిసి నీళ్ళూ గాలీ పాడవడానికి జనం పెరగడమే కారణమని పుస్తకంలో ఉంది. బుర్రకెక్కుతుందని, ఇంట్లో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళను లేచి నిలబడమన్నాను. మురుగుకాలువ పక్క గదుల నుంచి వచ్చే పిల్ల లేచి, "మేం ఆరుగురమండీ, నేనే ఆఖరు. అయితే ఎక్కువైంది నేనేనా మాస్టారూ?" అంది. "నువ్వు లేకపోతే బెంచీ మీద నాకు చోటుండేది" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా నవ్వి, పాఠం బాగుందని రాసి, అంత పెద్ద కారులో తానొక్కడే వెళ్ళిపోయాడు. నేను గేటు దాకా వెళ్ళి సాగనంపాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రావడం లేదు. ఇంటికి వెళితే వాళ్ళమ్మ తలుపు సగమే తీసి, "ఎక్కువైనవాళ్ళకి చదువెందుకు లెండి" అంది.

అమ్మ ట్రంకుపెట్టెలో మన ఏడుగురి ఫోటో ఉంది. వెంటనే పంపు. నీ చంకలో ఉన్నది నేనేనని ఆ పిల్లకు చూపించాలి. బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కప్పు కురవడం ఆగిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

మీ ఏడోవాడు