పిడికెడు బియ్యపు బడి

ఫలాం కొండలు, ఆగస్టు

ప్రియమైన పార్ అక్కకి,

నువ్వు నమ్మవు గానీ మన బడికి రేకుల కప్పు పడింది. గుంజల మీద కట్టిన మా ఇంటి కింద కోళ్లను తోలేసి, బొగ్గుముక్కతో చెక్క మీద అక్షరాలు రాసి మొదలుపెట్టిన బడేనా ఇది అని నాకే అనుమానం. సర్కారు బడికి పంతులు రాడు, మిషను డబ్బు మనకొద్దు అని ఇద్దరం పంతం పట్టాం కదా. ఇప్పుడు అవతలి లోయ పిల్లలు కూడా వచ్చి మన హాస్టల్లో ఉంటున్నారు. నువ్వు పెళ్లి చేసుకుని కలే పట్నం దిగిపోయావన్న కోపం మాత్రం నాకింకా పోలేదు.

ఇంకో సంగతి. తల్లులు వంటకు ముందు మన బడి కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆపించేశాను. ఇంటికో రకం బియ్యమాయె, కలిపి వండితే సగం జావ, సగం పలుకు. మొన్న యాంగోన్ నుంచి వచ్చిన సంఘ పెద్దలకు ఆ అన్నం పెట్టి తలెత్తుకోలేకపోయాను. ఇక ఫీజు తీసుకుని ఒకే రకం బస్తాలు తెప్పిస్తామని చర్చిలో చెప్పించాను. మిగిలిన పాత బియ్యం హాస్టల్ పందికి పెడుతున్నాం. క్రిస్మస్ నాటికి అది గుమ్మంలో పట్టదు.

దోత్ మాత్రం మొన్న కూడా బియ్యం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. "మీ బియ్యం ఇక వద్దమ్మా" అన్నాను. కూతురి ఫీజు కూడా కట్టక్కర్లేదన్నాను. డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

నీ గొప్పల చెల్లెలు,
సూయి

కలే, సెప్టెంబరు

ప్రియమైన సూయీ,

రేకుల మాట చదివి మా ఆయనకు రెండుసార్లు వినిపించాను. ఆ తర్వాత పంది మాట చదివి ఉత్తరం మడిచేశాను.

పందికా, సూయీ? తల్లి తన బిడ్డ పేరు తలుచుకుని, ప్రార్థన చేసి తీసే పిడికెడు అది. మొదటి ఏడాది మన ఇద్దరి కడుపులూ దానితోనే నిండాయి. మన పొయ్యి దగ్గరికి మొట్టమొదట డబ్బా తెచ్చింది దోతేనని మరిచిపోయావా? అప్పటికి ఆమెకింకా బిడ్డ కూడా పుట్టలేదు.

నేనూ తక్కువదాన్ని కాదులే. కలే బళ్లలో ఫీజులు కడతారు, నువ్వూ పెట్టు అని నీ చెవిలో పోరినదాన్ని నేనే. అందుకే నిన్ను తిట్టబోతే నోరు రావడం లేదు. దోత్ వెళ్లేటప్పుడు ఆమె మొహం ఎలా ఉందో రాయి.

నీ తప్పులో సగం మోస్తున్న
పార్

ఫలాం కొండలు, అక్టోబరు

అక్కా,

మొహం చూడలేదు. అదే నన్ను తినేస్తోంది. డబ్బా చూశాను, గేటు గడియ చూశాను, మొహం చూడలేదు.

దోత్ కూతురు మోయీ బడి మానేసింది. తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్ల. కబురు పెడితే పొలం పనుందని జవాబొచ్చింది. పొద్దున ప్రార్థనలో "మా అనుదినాహారము" దగ్గర ఆగిపోయాను. పిల్లలు చెప్పుకుంటూ పోయారు, వాళ్లకు పాఠం చెప్పే సయామాని, నేను పెదవులు ఆడించాను. పందికి బియ్యం ఆపించాను. అయినా అది బలిసి నా వంకే చూస్తోంది.

చర్చిలో అందరి ముందూ తప్పు ఒప్పుకోనా? దోత్ ఇంటికి ఒక బస్తా పంపనా? ఏం చెయ్యమంటావో రాయి. ఆ పిల్ల చదువు నా మూలంగా ఆగిపోతే నాకు బడెందుకు?

సూయి

కలే, అక్టోబరు

నా పిచ్చి సూయీ,

బస్తా పంపావంటే నీతో మాట్లాడను. చర్చిలో చెబితే నీ మనసు తేలికవుతుంది, ఊరంతా తిరిగి చూసేది మాత్రం దోత్‌ని. ఉత్త చేతులతో వెళ్లు. పొయ్యి దగ్గర కూర్చో. పెట్టింది తిను. పంది సంగతి దాచకు.

దేవుడు నీకు తోడుంటాడు, నేనూ ఉంటాను.
పార్

ఫలాం కొండలు, నవంబరు

ప్రియమైన అక్కకి,

వెళ్లాను. దోత్ నన్ను చూసి కంగారుపడి చాప వేసింది. జొన్న సంకటి పెట్టింది. ఆ ఇంట్లో తల్లీబిడ్డలు రెండు పూటలా తినేది అదేనట. వరి వాళ్లకు పండదు. కూలికి పోయి తెచ్చుకునే కాసిని బియ్యం మనకిచ్చే పిడికెడు కోసమేనట. పొయ్యి పక్కన కుండ నిండా బియ్యం ఉంది. నేను వద్దన్న రోజు నుంచి కూడా తీసిపెడుతూనే ఉంది.

చర్చిలో చెప్పించిన ఆదివారం ఆమె కొండ మీద పొలం గుడిసెలో ఉందట. అందరి బియ్యమూ ఆపామని ఆమెకు తెలీదు. "మీ బియ్యం" అంటే తన ఇంటి బియ్యం అనుకుంది. "మా ఆయన తాగి ఊళ్లో గొడవలు చేస్తాడు కదా, అందుకే దేవుడి బడికి మా చేతి బియ్యం పనికిరాదన్నారనుకున్నాను సయామా. బియ్యం పనికిరానప్పుడు పిల్ల మాత్రం ఎలా పనికొస్తుంది?" అంది.

పంది సంగతి చెప్పాను. తల దించుకునే చెప్పాను.

దోత్ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. "మోయీ పేరు చెప్పి తీసిన పిడికెడు కూడానా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె ఇంకో గరిటె సంకటి నా పళ్లెంలో వేసి, "తినండి, చల్లారిపోతుంది" అంది. ఏడుస్తూనే తిన్నాను. తప్పు క్షమించానని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున గంట కొట్టకముందే మోయీ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో రెండు మూటలు. ఒకదాంట్లో కుండలోని బియ్యం, ఇంకోదాంట్లో జొన్నలు.

"బియ్యం పిల్లలకంట సయామా" అంది. "జొన్నలు పందికంట. అమ్మ కలపొద్దంది."

ఈ ఆదివారం చర్చిలో నేనే లేచి పిడికెడు అడగబోతున్నాను. ఇవాళ మాత్రం హాస్టల్లో మోయీ బియ్యం బస్తా బియ్యంతో కలిపి వండించాను. సగం జావ, సగం పలుకు. పిల్లలందరితో కూర్చుని నమిలాను.

ఇంకా మింగుడుపడని
నీ సూయి