ఆల్బనీ నుంచి తిరిగొచ్చిన డబ్బు

న్యూయార్క్, జనవరి 1868

చిరంజీవి గిడియన్‌కు మీ నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, బండి తోలే సైలస్, రెండు గుర్రాలు. మీ అక్క ఫీబీ ఆదివారాలు వచ్చి, ఇల్లు చల్లగా ఉందని పావుగంటలో వెళ్లిపోతుంది. ఆల్బనీలో నువ్వూ క్షేమమని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు సతాయిస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మీ అమ్మ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. ఓడలన్నీ అమ్మేశానని పత్రికలో చూసి నిజమేనా అన్నావు. నిజమే, ఆఖరి స్టీమరు కూడా పోయింది. ఇప్పుడు నావన్నీ రైళ్లే. కుర్రతనంలో తెడ్డు పట్టి స్టాటెన్ ద్వీపం జనాన్ని రేవు దాటించినవాణ్ణి కదా, కాళ్ల కింద నీళ్లు లేకపోతే ఏదోలా ఉంది.

కలప అడితిలో పనికి కుదిరావట. పేకముక్కలు తప్ప ఏదీ పట్టని చేతులతో దుంగలు కొలుస్తున్నావంటే నవ్వొచ్చింది. మెచ్చుకునే నవ్వాను.

ఇక డబ్బు సంగతి. నెలనెలా పంపేది ఈసారి కవరు విప్పకుండానే తిప్పి పంపావు. నా వ్యాపారం ఎలా సాగిందో నీకు తెలుసు. ఎవరి దారిలోనో సగం ఛార్జీకి ఓడ వేసేవాణ్ణి. వాళ్లు తట్టుకోలేక, ఓడను రేవులోనే కట్టేసుకో, నెలకింత ఇస్తాం అనేవాళ్లు. పుచ్చుకున్నన్నాళ్లూ ఓడ కదలదు. డబ్బు తిప్పి పంపానంటే ఓడ బయల్దేరుతోందని అర్థం. నీ జూదం గొడవలు నా కంపెనీల వాటాల ధర పడగొడతాయని భయపడి, నువ్వు ఈ ఊళ్లో అడుగు పెట్టకుండా నీకూ అదే పద్ధతిలో ఇచ్చాను. కొడుకుతో మాట్లాడటం చేతకాలేదు, బేరం చేయడం చేతనయింది.

కవరు చూసి సైలస్, "డబ్బు తిరిగొచ్చిందా కెప్టెన్? అయితే ఓడ వచ్చేస్తోందన్నమాట" అన్నాడు.

"వాగుడు ఆపి మేడమీద వాడి గదిలో పొయ్యి వెలిగించు" అన్నాను.

ఇంతవరకూ దాచింది చెబుతాను. మర్నాటి నుంచి రోజూ ఆల్బనీ బండి వేళకు స్టేషన్‌కు వెళుతున్నాను. మొదటిరోజు స్టేషన్ మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏదైనా పొరపాటు జరిగిందాండీ?" అన్నాడు. లేదంటే నమ్మలేదు. మర్నాటికి బల్లలు కడిగించాడు, ఆ మర్నాటికి గోడలకు సున్నం కొట్టించాడు. అందరూ తనిఖీ అనుకున్నారు. నేనొక మనిషి కోసం చూస్తున్నానని ఒక్కడికీ తట్టలేదు.

నిన్న చేపల గంపతో ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నేనెవరో ఆమెకు తెలియదు.

"ఎవరికోసం తాతా?"

"మా అబ్బాయి."

"వస్తానని రాశాడా?"

రాయలేదు. మోకాలి సంగతి అడిగావు, డబ్బు అక్కర్లేదన్నావు, అంతే. అదే చెప్పాను.

"పోనీ, నువ్వు రమ్మని రాశావా?"

నేను గడియారం తీసి చూసుకున్నాను.

"బాగుంది సంబడం. పిలవకుండా ఎలా వస్తాడయ్యా? ఇదిగో, తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అని సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అది తింటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. చాలా ఒంటరిగా అనిపించింది, గిడియన్. ఇన్నేళ్లూ రాకుండా ఉండటానికి డబ్బు పుచ్చుకున్నాను, రాకుండా ఉండమని డబ్బిచ్చాను. రమ్మని ఎవరినైనా అడిగిన గుర్తు లేదు.

ఈ కవరులో డబ్బు లేదు. టిక్కెట్టు కూడా పెట్టలేదు, పెడితే మళ్లీ బేరమవుతుంది. వాటాల ధర పడితే పడనీ. ఊరికే అడుగుతున్నాను. రా నాన్నా.

ఇట్లు,
మీ నాన్న
ఆరీ వ్రీలాండ్